మరుగుదొడ్డి నంబరు ఒకటి

ఆ ఊళ్ళో ప్రతి మరుగుదొడ్డికీ ఒక నంబరుంది. ఇల్లు లేనివాళ్ళున్నారు, రేషను కార్డు లేనివాళ్ళున్నారు, పుట్టిన తేదీ తెలియని వాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నంబరు లేని మరుగుదొడ్డి మాత్రం లేదు. మూడేళ్ళ కిందట ఆ ఊరిని 'బహిరంగ మలవిసర్జన రహిత పట్టణం'గా ప్రకటించినప్పుడు, పురపాలక సంఘం వారు దొడ్లన్నిటి తలుపుల మీదా నీలిరంగుతో అంకెలు వేయించారు. ఒకటో నంబరు, మర్యాదకి, పురపాలక కార్యాలయం మెట్ల కింద ఎప్పటినుంచో ఉన్న దొడ్డికే దక్కింది. దానికి రిబ్బను కట్టారు, కొబ్బరికాయ కొట్టారు, కత్తెరని వెండి పళ్ళెంలో పెట్టి తెచ్చారు. ప్రారంభోత్సవం తరవాత ముందుగా లోపలికి ఎవరు వెళ్ళారన్నది మాత్రం మినిట్సు పుస్తకంలో రాయలేదు.

సున్నంబట్టీ పేటలో కూడా ఆరు గదుల దొడ్డి ఒకటుండేది. అంటే ఇప్పటికీ ఉంది, కానీ తలుపుల్లేవు. నూట నలభై గడపలకి అదే దిక్కు. 211 నుంచి 216 దాకా దాని తలుపుల మీదా అంకెలు పడ్డాయి. ఆ ఏడు కార్తీకంలో వచ్చిన గాలివానకి ఆరు తలుపులూ ఊడి పక్కనున్న మురుక్కాలవలో పడి, కాలవతో పాటు సముద్రానికి వెళ్ళిపోయాయి. అంకెలు తలుపుల మీద ఉండేవి గనక అవీ వెళ్ళిపోయాయి. పేటవాళ్ళు పాత చెక్కలు తెచ్చి తలుపులు బిగించుకుంటే, పురపాలక ఆస్తికి ప్రైవేటు వ్యక్తులు తలుపులు పెట్టడం నేరమని మనుషులొచ్చి ఊడదీసి పట్టుకుపోయారు. పోనీ మీరే పెట్టించండి బాబూ అని అర్జీ పెడితే, దొడ్డి నంబరెంత అని అడిగారు. నంబరు లేని దొడ్డికి మరమ్మతు చేయకూడదని నిబంధన. తలుపు లేనిదే నంబరు లేదు, నంబరు లేనిదే తలుపు రాదు. తలుపుల్లేని గదుల్లోకి ఆడవాళ్ళెలా వెళతారు? మానేశారు. పేటకి పేట తెల్లవారుజామున చెంబులు పట్టుకుని మళ్ళీ కాలవగట్టు ఎక్కింది.

ఆ పేటకి ఆశా వర్కరు నూకరత్నం. మనిషి పొట్టి, గొంతు పెద్దది. చంటిపిల్లలకి టీకాలు, కడుపుతో ఉన్నవాళ్ళకి బలం మాత్రలు, ఏడాదికి రెండుసార్లు పిల్లలందరికీ నులిపురుగుల మాత్రలు, అన్నీ ఆవిడ చేతిమీదుగానే జరగాలి. మాత్ర మింగనని మారాం చేసేవాడు ఆ పేటలో ఇంకా పుట్టలేదు. అంతటి ఆవిడకీ ఒక్కగానొక్క కూతురు లాస్య దగ్గర మాత్రం నోరు లేచేది కాదు. తొమ్మిదేళ్ళ పిల్ల. పాలిపోయి, కాగితంలా తెల్లగా ఉండేది. అన్నం పెడితే వద్దంటుంది, గోడకున్న సున్నం మాత్రం గోకి తింటుంది. మొన్నొకనాడు బళ్ళో ప్రార్థన మధ్యలో నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోయింది.

ఆసుపత్రి డాక్టరమ్మ సూది గుచ్చి చూసి, "రక్తం ఏడే ఉంది, నూకరత్నం. పన్నెండుండాలి. లోపల కొంకిపురుగులు పీల్చేస్తున్నాయి," అంది.

"మొన్న శ్రావణంలోనే గదండీ మాత్రేశాను? నా చేత్తో నేనే పేటంతటికీ మింగించాను."

"మాత్రకి చస్తాయి. పిల్ల మళ్ళీ ఆ గట్టు బురద తొక్కితే అరికాల్లోంచి మళ్ళీ ఎక్కుతాయి. నువ్వెన్ని మాత్రలు మింగించినా అంతే."

"చెప్పులేత్తానే ఉన్నానండి. బురదలో దిగిపోయి ఊడొచ్చేత్తన్నాయి. మరేం జెయ్యమంటారండి?"

"గట్టుకి పంపకు. దొడ్డి బాగుచేయించండి. ఇలాగే ఉంటే, ఇంకొక్క పెద్ద జ్వరం వచ్చిందంటే తట్టుకోదు నీ పిల్ల. నీకు తెలియనిదేం కాదు, దాచడం దేనికి?"

నూకరత్నానికి తెలియనిదేం కాదు. ఊరందరికీ తను చెప్పే మాటే అది. తిరిగి తనకే చెబితే వినడం కష్టంగా ఉంది.

సరిగ్గా ఆ వారంలోనే పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. నులిపురుగుల నిర్మూలన పథకం. ప్రతి పేట నుంచీ వంద నమూనాలు పరీక్షకి పంపాలి. సగానికి మించి పురుగులు కనబడితే ఆ ప్రాంతానికి కొత్త దొడ్లు, మురుక్కాలవ మీద పలకలు, ఇంకా బోలెడు సదుపాయాలు, అన్నీ నెల తిరిగేలోగా. ఉత్తర్వు చదివి నూకరత్నం ఎగిరి గంతేసినంత పని చేసింది. సగమేం ఖర్మ, తన పేటలో ముప్పాతికకి తగ్గదు!

తెల్లటి చిన్న డబ్బాలు వంద తెచ్చి ఇంటింటికీ పంచింది. వీధి చివర చెప్పులు కుట్టే గుర్నాథం తాత డబ్బాని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇన్నేళ్ళూ మన్నేదీ అడగని గవర్నమెంటు ఇయ్యాల ఇదడుగుతుందేటే?"

"అడిగినప్పుడు ఇచ్చెయ్, తాతా. మల్లీ అడుగుద్దో అడగదో."

మూడు రోజుల్లో వంద డబ్బాలూ నిండాయి. పేరు, వయసు, గడప నంబరు చీటీలు అంటించి, వెదురుబుట్టలో పేర్చి, మీద తడిగుడ్డ కప్పి, నూకరత్నం పురపాలక కార్యాలయానికి తీసుకుపోయింది.

అక్కడ పారిశుద్ధ్య విభాగానికి సూపరింటెండెంటు పరబ్రహ్మం గారు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. చెడ్డవాడు కాదు, లంచం తినడు, ఎవర్నీ కసురుకోడు. కాకపోతే ఫైళ్ళతో కాపరం చేసీ చేసీ మాట కూడా ఫైల్లోలాగే వచ్చేది. ఇంట్లో భార్యని మంచినీళ్ళు అడగాలన్నా 'సదరు మంచినీరు' అంటాడని ఆఫీసులో చెప్పుకునేవారు.

ఆయన ముక్కుకి రుమాలు కట్టుకుని, పై కాగితం తీసి చదివారు.

"తొమ్మిదవ గడి ఖాళీగా ఉన్నది."

"ఏటండి అది?"

"నమూనా సేకరించబడిన మరుగుదొడ్డి యొక్క నంబరు."

"మా పేటలో దొడ్లకి నంబర్లు లేవు గదండీ. తలుపులే లేవు. అందరూ గట్టుకే పోతన్నారు."

పరబ్రహ్మం గారు రుమాలు వెనకనుంచి నొచ్చుకున్నారు.

"అట్లు చెప్పరాదమ్మా. ఈ పట్టణమునందు బహిరంగ మలవిసర్జన లేదు. మూడు సంవత్సరములుగా లేదు. తీర్మానము ఉన్నది, ధ్రువపత్రము ఉన్నది, గోడ మీద ఫొటో కూడా ఉన్నది. లేని క్రియకు ఫలితము ఎట్లుండును?"

"ఇదిగోండి బాబూ, బుట్టలో ఉంది గదా! వంద డబ్బాలు. వాసనేస్తంది కూడాను."

"బల్ల మీద ఉన్నంత మాత్రమున ఉన్నట్లు కాదు. రికార్డునందు ఉండవలెను."

ఆయన గంట కొట్టి బంట్రోతుని పిలిచి, వంద డబ్బాల మీదా ముద్ర వేయించారు. 'ఉనికి లేదు.' బంట్రోతు మొహం పక్కకి తిప్పుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క ముద్రకీ కిటికీ దాకా వెళ్ళి వస్తూ, లేని వాటి మీద వంద ముద్రలు వేసేసరికి మధ్యాహ్నం భోజనాలవేళయింది.

నూకరత్నం బుట్ట ఎత్తుకోబోతూ ఆగింది.

"అయితే నంబరున్న దొడ్డయితే పనికొత్తాదాండి?"

"నిస్సందేహముగా."

"ఏ నంబరయినా పర్లేదాండి?"

"నిబంధన ఫలానా అంకె అని నిర్దేశించలేదు. నంబరు ఉండవలెను. అంతియే."

మెట్లు దిగుతూ నూకరత్నం ఒక్క క్షణం నిలబడింది. మెట్ల కింద నీలిరంగు తలుపు. దాని మీద చక్కగా, గుండ్రంగా, ఒకటో అంకె. పక్కనే చిన్న అక్షరాలతో 'ప్రజల సౌకర్యార్థం'.

సోమవారం అర్జీల రోజు. ఆ రోజు ఎవరైనా కాగితం పట్టుకుని లోపలికి రావచ్చు, అడ్డుపెట్టడానికి వీల్లేదు. పది గంటలకి ఆఫీసు తలుపులు తీసేసరికి సున్నంబట్టీ పేట పేటంతా బయట వరసలో ఉంది. ఒక చేతిలో అర్జీ, ఇంకో చేతిలో తెల్ల డబ్బా. ముసలాళ్ళు, ముతకాళ్ళు, చంటిపిల్లల తల్లులు, అందరికన్నా ముందు లాస్య. అర్జీలన్నీ లాస్యే అచ్చుగుద్దినట్టు రాసింది. 'అయ్యా, మరుగుదొడ్డి నంబరు ఒకటిలో నమూనా ఇచ్చుటకు అనుమతి కోరుతున్నాను.'

వాచ్‌మన్‌ లేచి నిలబడ్డాడు. "ఇంతమందేటమ్మా? మా ఆఫీసోళ్ళెక్కడికెల్లాలి?"

"మాకు గట్టుంది గదా, చూపిత్తాను రండి," అంది నూకరత్నం.

పరబ్రహ్మం గారికి పదకొండు గంటలకి మెట్ల కిందికి వెళ్ళడం ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు. దిగి చూస్తే మనిషి వెనక మనిషి. ఆయన ముందు నిబంధన వైపు చూశారు, అందులో ఎక్కడా సందు కనబడలేదు. తరవాత వరస వైపు చూశారు, అందులో కూడా కనబడలేదు. చివరికి వెళ్ళి గుర్నాథం తాత వెనక నిలబడ్డారు.

తాత వెనక్కి తిరిగి, "డబ్బా మర్సిపోయినట్టున్నారండి?" అని జాలిపడ్డాడు. కొంచెంసేపయ్యాక ఆయన మొహం చూసి నిజంగానే జాలేసింది. "మీరెల్లిరండి బాబూ, నాకంత తొందర్లేదు," అని ముందుకి పంపాడు. ఆయన మొట్టమొదటిసారి నిబంధన మాట ఎత్తకుండా పరిగెత్తారు.

రెండు సోమవారాల్లో వంద డబ్బాలూ పూర్తయ్యాయి. తొమ్మిదో గడిలో నూటికి నూరు కాగితాల మీదా '1' అని రాసి ఉంది. పరబ్రహ్మం గారు కళ్ళద్దాలు తుడుచుకుని అన్నీ చూసి, తృప్తిగా, "ఇప్పుడు సక్రమముగా ఉన్నది," అని పంపించారు.

వందకి డెబ్బై ఒక్క డబ్బాల్లో పురుగులున్నాయని ఫలితం వచ్చింది. ఆ రోజు నూకరత్నం బెల్లప్పాకం మరమరాలు పంచిపెట్టింది. కూతుర్ని దగ్గరికి తీసుకుని, "ఇంక గట్టుకెల్లక్కర్లేదమ్మా. తలుపున్న దొడ్డొచ్చేత్తంది మనకి," అంది. ఆ పిల్ల నవ్వింది. చిగుళ్ళు కూడా తెల్లగానే ఉన్నాయి.

నెల్లాళ్ళు చూసింది. పేటకి ఒక్క ఇటుక రాలేదు. ఏమైందో కనుక్కుందామని ఆఫీసుకి వెళితే, అక్కడ తాపీ మేస్త్రీలు ఆవరణంతా తవ్వి పోసేశారు. కొత్త దొడ్లు పన్నెండు, నిగనిగలాడే పలకలతో. ఆఫీసు చుట్టూ ఉన్న కాలవ మీద కొత్త రాతిపలకలు. గుమ్మం దగ్గర సబ్బు, తువ్వాలు, చేతులు ఏడు రకాలుగా ఎలా కడుక్కోవాలో బొమ్మలు.

"ఇయ్యన్నీ ఇక్కడెందుకండీ?" అని గాభరాగా అడిగింది.

పరబ్రహ్మం గారు నీలం రబ్బరు చెప్పులు వేసుకుని కూర్చున్నారు. ఎదురుగా పళ్ళెంలో ఉడకబెట్టిన కోడిగుడ్డు. శాకాహారి కావడంతో దాన్ని అనుమానంగా చూస్తున్నారు.

"రాష్ట్ర కార్యాలయము వారి కంప్యూటరు నమూనాలను మరుగుదొడ్డి నంబరు ప్రకారము వర్గీకరించినది. ఒకటవ నంబరు వినియోగదారులలో డెబ్బై ఒక్క శాతము మందికి నులిపురుగులు. రాష్ట్రమునందే ఇంత తీవ్రత మరెక్కడా లేదట. పటము మీద మా కార్యాలయము ఎర్రగా వెలుగుచున్నది. వెంటనే చర్యలు చేపట్టిరి. మనిషికి రెండు జతల చెప్పులు, రోజుకొక గుడ్డు, బలం మాత్రలు. నేను ఫొటోగ్రాఫరు ఎదుట మాత్ర మింగితిని. మా ఆవిడ నన్ను వంటింటిలోనికి రానిచ్చుట లేదు."

"మరి మా పేటకో?"

ఆయన మొహం వికసించింది. లేచి నిలబడి చెయ్యి చాపారు.

"అభినందనలు! మీ పేట నుంచి ఒక్క పురుగు కూడా నమోదు కాలేదు. జిల్లాలో మొట్టమొదటి నులిపురుగు రహిత పేట మీదే!"

నూకరత్నం చాపిన ఆ చెయ్యి కేసి చూసింది. చుట్టూ చూసింది. గుమస్తాలందరూ నెలరోజుల గుడ్లతో, మాత్రలతో బుగ్గలు ఎర్రబడి, కళకళలాడుతూ రాసుకుంటున్నారు. ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది.

"అయ్యి నా పిల్ల నెత్తురు తాగిన పురుగులండి! నా పిల్ల నెత్తురు! మీ ఆఫీసు పేర రాసేసుకున్నారు గదండీ! పురుగుల్నయినా మాకుంచలేదు గదండీ!"

పరబ్రహ్మం గారు జవాబుకోసం నోరు తెరిచారు. 'సదరు' దాకా వచ్చి ఆగిపోయారు. ఆ గుడ్డు ఆయన తినలేకపోయారు. శాకాహారం ఒక్కటే కారణం కాదు.

వారం తిరక్కుండా సున్నంబట్టీ పేటకి లారీ వచ్చింది. అందులో బోర్డులు. దళసరి ఇనపరేకు, చుట్టూ ఇనపబద్దల చట్రం, ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. ఒక్కొక్కదాని మీదా పెద్ద అక్షరాలతో 'నులిపురుగు రహిత పేట', కింద చేతులు జోడించిన ఏనుగు పిల్ల బొమ్మ, మూలన నీలిరంగులో బోర్డు వరస నంబరు. లెక్కకి ఆరు. స్థానిక ఆశా వర్కరు వీటిని వారం లోపల అమర్చి సంతకం చేయాలని ఒక ఉత్తర్వు కూడా ఉంది.

"బోడి బోర్డులు! కాలవలో పారేద్దారి," అన్నాడు గుర్నాథం తాత.

నూకరత్నం ఉత్తర్వు చదువుతోంది. ఒకసారి కోపంగా చదివింది. రెండోసారి నిదానంగా చదివింది. మూడోసారి పెదాలు కదుపుతూ చదివింది. 'బోర్డులను పేటలోని ప్రతి పౌరుడును దినమునకు ఒక్కసారియైనను తప్పక సందర్శించు ప్రదేశమునందు దృఢముగా బిగించవలెను. వీటిని తొలగించువారు శిక్షార్హులు. బోర్డులున్న స్థలమును ప్రతిదినము నీటితో కడిగి పరిశుభ్రముగా ఉంచు బాధ్యత పారిశుద్ధ్య విభాగమునది.'

"తాతా," అంది మెల్లిగా, "మన పేటలో పెతీవోడూ రోజుకోసారి ఎల్లే చోటేదంటావ్?"

తాత బుర్ర గోక్కున్నాడు. "పెతీవోడూనా? సారాకొట్టుకి అందరూ ఎల్లరు. బడికి పిల్లలే ఎల్తారు. పెతీవోడూ అంటే..."

ఆగి, బోర్డుల కేసి చూశాడు. తలుపుల్లేని ఆరు గదుల కేసి చూశాడు. బోసినోటితో నవ్వు మొదలుపెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

పేటలోనే ఉన్న వెల్డింగు సూరిబాబు ఒక్క పూటలో పని ముగించాడు. గాలివానకి ఊగి పడిపోకుండా బోర్డుకి మూడేసి మడతబందులు వేశాడు. దృఢంగా ఉండాలన్నారు గనక లోపలివైపు గడియ కూడా పెట్టాడు. మర్నాటి నుంచి పారిశుద్ధ్య విభాగం వాళ్ళు ఉత్తర్వు ప్రకారం పొద్దుటా సాయంత్రం ట్యాంకరు తెచ్చి బోర్డులున్న స్థలం కడగడం మొదలుపెట్టారు. గదుల పక్కనున్న తొట్టి నింపి వెళ్ళడం వాళ్ళకీ తేలికయింది. గట్టెక్కడం ఆడవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. లాస్య మళ్ళీ మాత్ర మింగింది, టానిక్కు తాగింది, మూడు నెలల్లో రక్తం తొమ్మిదిన్నరకి వచ్చింది. "ఇలాగే ఇంకొన్నాళ్ళు గట్టు తొక్కకుండా ఉంటే గట్టెక్కినట్టే," అంది డాక్టరమ్మ.

అదిగో, అప్పుడు తనిఖీకి పరబ్రహ్మం గారు వచ్చారు.

జీపు దిగి, బోర్డులు చూసి, కొయ్యబారిపోయారు. ఆయన ఊడదీయమంటే ఊడదీస్తారు. రేపు తెల్లారేసరికి పిల్ల మళ్ళీ బురదలో ఉంటుంది. అయినా నూకరత్నం ఎదురెళ్ళి దణ్ణం పెట్టింది.

"ఇవి... తలుపులు కదా?"

"అబ్బే, బోర్డులండి. లారీ చీటీలో అలాగే ఉంది. చూడండి."

"పురపాలక ఆస్తికి ప్రైవేటు వ్యక్తులు తలుపులు బిగించుట..."

"మేం తెచ్చినయ్యి కాదండి బాబూ. మీరంపినయ్యే. పెతీవోడూ రోజుకోసారి తప్పకుండా వచ్చే చోటెట్టమన్నారు. మీరే చెప్పండి, ఇంకెక్కడుందండి అలాంటి చోటు? తీసేత్తే సిక్షని కూడా రాశారు. తీసెయ్యమంటే మరి సంతకం పెట్టండి, తీసేత్తాను."

పరబ్రహ్మం గారు ఉత్తర్వు తీసి చదివారు. తిరగేసి చదివారు. ఎక్కడా సందు లేదు. వరసగా నడుచుకుంటూ బోర్డు మూలనున్న నీలిరంగు నంబర్లు చూశారు. ఒకటి, రెండు, మూడు... అన్నిటికీ నంబర్లున్నాయి. తొమ్మిదో గడికి ఇక ఏ ఇబ్బందీ లేదు. ఆరో బోర్డు దగ్గరికి వచ్చేసరికి, అది రేకు బోర్డేనా, నిజంగా తలుపా అని తేల్చుకుందామన్నట్టు, వేళ్ళతో టకటకమని కొట్టారు.

లోపలినుంచి సన్నటి గొంతు, గట్టిగా వినబడింది.

"మనిషున్నారండీ!"

అది లాస్య గొంతు. నూకరత్నం కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

పరబ్రహ్మం గారు చేతిలోని కాగితాల వంక చూశారు, మూసి ఉన్న రేకు వంక చూశారు. ఒకనాడు ఈ పిల్ల డబ్బా మీద కూడా 'ఉనికి లేదు' అని ముద్ర వేయించి ఉంటారు. ఆ సంగతి ఆయనకి గుర్తొచ్చిందో లేదో తెలియదు గానీ, గురువుగారి గది ముందు నిలబడ్డ విద్యార్థిలా రెండడుగులు వెనక్కి వేశారు. తనిఖీ పుస్తకం తెరిచి 'బోర్డులు సక్రమముగా ఉన్నవి' అని రాసి సంతకం పెట్టారు. కలం జేబులో పెట్టుకుని, రేకు కేసి కొంచెం వంగి, ఫైల్లో లేని మామూలు గొంతుతో అన్నారు.

"ఉన్నావా తల్లీ? ఉండు, ఉండు. తొందరేం లేదు."